గోరు ఎవరిది? పట్టు దేనిది?

మీకు ‘నెయిల్’ తెలుసు. ‘క్లా’ తెలుసు. పిల్లల పుస్తకంలో గద్ద బొమ్మ కింద ‘టాలన్’ అన్న మాట చదివే ఉంటారు. మరి పెంపుడు కుక్క గోరు విరిగి టైల్స్ మీద రక్తం చుక్కలు పడుతుంటే, తెలుగు రాని పశువైద్యుడికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పడానికి నోరెందుకు పెగలదు? కొత్త ఉద్యోగం కాగితాల్లో ‘క్లాబ్యాక్’ అని కనబడితే, అదేమిటని అడక్కుండానే సంతకం ఎందుకు పెట్టేస్తారు?

మాటలు రాక కాదు. వాటిని మనసులో పెట్టుకున్న తీరు వల్ల. బడిలో మనకు ఇంగ్లిష్ మాటల్ని జాబితాలుగా ఇచ్చారు. నెయిల్ అంటే గోరు, క్లా అంటే గోరు, టాలన్ అంటే గోరు. మూడింటి పక్కనా ఒకే అర్థం రాసుకున్నాక, అవసరం పడ్డ క్షణంలో ఏది బయటికి తీయాలో ఎలా తెలుస్తుంది?

ఈ అధ్యాయం బౌరంపేటలో ఉంటున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో కలిసిన ఈ ఊళ్లో ఒక పక్క చెరువు, పాత ఇళ్లు, బర్రెలు. ఇంకో పక్క విల్లాలు, అపార్ట్‌మెంట్లు, పునాదులు తవ్వుతున్న జేసీబీలు. గోళ్లకూ కొక్కేలకూ సంబంధించిన ఇంగ్లిష్ మాటలన్నీ మీ ఇంటి నుంచి గండిమైసమ్మ చౌరస్తా దాకా దారి పొడవునా ఉన్నాయి. వాటిని పుస్తకంలో వెతకడం మానేసి, వస్తువు దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరిది? ఇది ఏం చేస్తోంది? ఈ పనే చేసే పనిముట్టు ఏది? ఈ మూడూ వేసిన మాట మళ్లీ మరవడం కష్టం.

1. ముందు గోరు ఎవరిదో తేల్చండి

మనిషిదైతే నెయిల్. చేతిదైతే ఫింగర్‌నెయిల్, కాలిదైతే టోనెయిల్. పిల్లి, పులి, ఎలుగుబంటి, ఉడుము, కోడి, వీటి వంపు తిరిగిన మొనగోళ్లు క్లాజ్. గద్ద, డేగ, గుడ్లగూబ లాంటి వేటపక్షులవైతే టాలన్స్. ఆవు, మేక, జింక, గుర్రం కాళ్లకు ఉండే గిట్టలు హూవ్స్, ఒక్కటైతే హూఫ్. కోడిపుంజు కాలి వెనక మొలిచే ముల్లు క్లా కాదు, స్పర్. భీమవరం వైపు సంక్రాంతి పందేల్లో కత్తి కట్టేది కూడా పుంజు కాలికే.

ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ‘పంజా’ దగ్గర. మన పంజాలో పాదమూ ఉంది, గోళ్లూ ఉన్నాయి, దెబ్బా ఉంది. ఇంగ్లిష్ వాటిని విడదీసింది. మెత్తటి పాదం మొత్తం ‘పా’, దాని కొసన ఉండే గోరు ‘క్లా’. పిల్లి మీ ఒళ్లో కూర్చుని పా పెడితే హాయిగా ఉంటుంది, క్లా పెడితే చీర దారం లేస్తుంది. పిల్లి తన గోళ్లను లోపలికి ముడుచుకోగలదు. కుక్కకు అది చేతకాదు, అందుకే కుక్క నడిస్తే టైల్స్ మీద టకటక వినబడుతుంది, పిల్లి నడిచినా తెలియదు.

రెండో తడబాటు తేలు దగ్గర. తేలు కొండిని చాలామంది ‘క్లా’ అని రాస్తారు. కొండి తోక చివర ఉంటుంది, విషం అందులోనే ఉంటుంది. దాన్ని స్టింగ్ లేదా స్టింగర్ అనాలి. ముందువైపు పీత చేతుల్లా కనబడే ఆ రెండే క్లాజ్. వాటినే పిన్సర్స్ అని కూడా అంటారు. ఎండ్రకాయకు ఉన్నవీ ఇవే. పిల్లల సైన్సు ప్రాజెక్టుకు తేలు బొమ్మ గీసి పేర్లు పెడుతున్నప్పుడు ఈ ఒక్కటీ సరిచూడండి.

గిట్ట అన్న మాటను కంటితో చూసి నేర్చుకోవాలంటే ఆదివారం పిల్లల్ని శామీర్‌పేట జవహర్ జింకల పార్కుకు తీసుకెళ్లండి. మెత్తటి మట్టిలో జింక నడిచిన చోట రెండు చీలికలుగా అచ్చు పడుతుంది. అది క్లోవెన్ హూఫ్, అంటే చీలిన గిట్ట. దానికి వెనకగా, కొంచెం పైన, నేలకు తగలకుండా రెండు చిన్న గిట్టలు ఉంటాయి. వాటిని డ్యూక్లాజ్ అంటారు. కుక్క ముందుకాలి లోపలివైపు పైకి ఉండే విడి గోరు పేరూ అదే. నేలకు రాసుకోదు కాబట్టి అది అరగదు, పెరిగి లోపలికి వంకర తిరుగుతుంది. కుక్కను పెంచేవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన మాట ఇదేనని నా అభిప్రాయం.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. క్లా, పా అన్నప్పుడు మన దీర్ఘ ‘ఆ’ పలికితే వినేవాళ్లకు అందదు. అది ఆ, ఓ రెండింటి మధ్య ధ్వని. శామీర్‌పేటలోని నల్సార్ పేరు చెప్పేటప్పుడు ‘లా యూనివర్సిటీ’ అంటాం కదా, ఆ ‘లా’ ఎలా పలకాలో క్లా కూడా అలాగే.

2. డాక్టరుకు ఫోన్ చేసే ముందు వాక్యం కట్టుకోండి

మన మనసులో ఉన్న వాక్యం ఇది: “డాక్టర్ గారూ, మా కుక్క ముందరి కాలి గోరు విరిగింది, రక్తం ఆగడం లేదు.” కంగారులో బయటికి వచ్చేది ఇలా ఉంటుంది: “డాగ్ లెగ్ ఫింగర్ నెయిల్ బ్లడ్ కమింగ్.” అవతలి డాక్టరు అర్థం చేసుకుంటాడు, నిజమే. కానీ మళ్లీ నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఏ కాలు? గోరా, వేలా? తెగిందా, విరిగిందా? ఈలోగా మీ చేతిలో ఉన్న గుడ్డ తడిసిపోతుంది.

ఇలా చెప్పి చూడండి: “హి బ్రోక్ ఎ క్లా ఆన్ హిజ్ ఫ్రంట్ పా. ఇట్స్ బ్లీడింగ్ ఫ్రమ్ ది క్విక్.” చివరి మాట గమనించారా? గోరు లోపల రక్తనాళమూ నరమూ ఉన్న ప్రాణమున్న భాగాన్ని ‘క్విక్’ అంటారు. తెల్లగోళ్ల కుక్కకు అది గులాబీ రంగులో బయటికే కనబడుతుంది. నల్లగోళ్ల కుక్కకు కనబడదు, అందుకే ఇంట్లో కత్తిరించేటప్పుడు కొస మాత్రమే కొంచెం కొంచెంగా తీయాలి. వేగం అన్న అర్థం మనకు తెలిసిన ‘క్విక్’కు పాతకాలంలో మొదటి అర్థం ‘ప్రాణమున్నది’ అనే. ఎవరైనా ఒక మాట అని మీ మనసు లోతుగా గాయపరిస్తే ఇంగ్లిష్‌లో ‘కట్ మి టు ది క్విక్’ అంటారు. కుక్క గోరు కత్తిరించినవాళ్లకు ఈ నానుడి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి. పెంపుడు కుక్క విషయంలో ‘నెయిల్స్’ అన్నా తప్పు లేదు. గోళ్లు కత్తిరించే సేవను క్లినిక్కుల బోర్డుల మీద ‘నెయిల్ ట్రిమ్మింగ్’ అనే రాస్తారు. పులికీ ఎలుగుకీ మాత్రం నెయిల్స్ అనకండి.

3. పేరుకంటే ముందు క్రియను పట్టుకోండి

పేర్లు నేర్చుకుని క్రియలు వదిలేస్తే వాక్యం నడవదు. ఈ విషయంలో తెలుగు ఎంత సంపన్నమో ఒకసారి చూడండి. దురద పుడితే గోకుతాం. పిల్లి రక్కుతుంది. ముల్లు గీరుకుంటుంది. పిల్లలు గిల్లుకుంటారు, మన తెలంగాణలో గిచ్చుకుంటారు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోతుంది. ఇన్ని తేడాలు పలికే మీరు ఇంగ్లిష్‌లోకి రాగానే అన్నిటికీ ‘స్క్రాచ్’ ఒక్కటే ఎందుకు వాడాలి?

గోకడం, రక్కడం, గీరుకోవడం దాకా స్క్రాచ్ సరిపోతుంది. పదేపదే, కసిగా రక్కితే క్రియ ‘క్లా’ అవుతుంది. “ది క్యాట్ క్లాడ్ ఎట్ ది డోర్” అంటే పిల్లి తలుపును గీకి గీకి వదిలిందని. గిల్లడం, గిచ్చడం ‘పించ్’. మొగ్గనో చిగురునో గోటితో తుంచడం ‘నిప్’. గద్ద తన్నుకుపోవడం దగ్గర మాత్రం జాగ్రత్త. అందులో తన్నడం ఉందని ‘కిక్’ పెట్టకండి. “ది కైట్ స్వూప్డ్ డౌన్ అండ్ స్నాచ్డ్ ది చిక్ ఇన్ ఇట్స్ టాలన్స్.” స్వూప్ అంటే పైనుంచి ఒక్కసారిగా దిగడం, స్నాచ్ అంటే లాక్కుపోవడం. మన ఒక్క మాటకు వాళ్లకు రెండు కావాలి.

పిల్లి ఎలుక మీదికి దూకడాన్ని ‘పౌన్స్’ అంటారు. ఆ మాటకు మొదట డేగ గోరు అనే అర్థం. గోరు పేరే దూకడానికి పేరైంది. మీరు రోజూ కాలితో తొక్కే కారు క్లచ్ కథా అలాంటిదే. క్లచ్ అంటే పంజాతో బిగించి పట్టుకోవడం. ఇంజన్‌నూ గేరుపెట్టెనూ పట్టి ఉంచే, వదిలే భాగానికి ఆ పేరు తరవాత వచ్చింది. డ్రైవింగ్ నేర్చుకున్నప్పటినుంచీ మీకు తెలిసిన మాటతో కొత్త వాక్యం కట్టండి: “షి క్లచ్డ్ హర్ బ్యాగ్.” బస్సులో జనం తోసుకుంటుంటే ఆమె సంచిని గుండెకు బిగించి పట్టుకుంది.

4. హార్డ్‌వేర్ దుకాణంలో పది నిమిషాలు నిలబడండి

మీ ఇంటి పని చేస్తున్న వడ్రంగి దుకాణానికి వెళ్తే వెంట వెళ్లండి. అతని మాట వినండి: “అన్నా, మొలలు పీకే సుత్తి ఒకటి, జంబూరు ఒకటి, సబ్బలి ఒకటి ఇయ్యి.” ఆ ఒక్క వాక్యంలో మూడు ఇంగ్లిష్ మాటలున్నాయి.

మొలలు పీకే సుత్తి క్లా హ్యామర్. చేతిలోకి తీసుకుని చూడండి. ఒకవైపు మొలను కొట్టే చదునైన ముఖం, ఇంకోవైపు రెండుగా చీలి వంపు తిరిగిన ఇనుము. ఆ చీలిక సందులో మొల తలను ఇరికించి, పిడిని వెనక్కి వంచితే మొల పైకి లేస్తుంది. పీకేది బలం కాదు, వంపు. తల వంపు చెక్క మీద ఆనుకుని తిరుగుతుంది కాబట్టి, పొడవాటి పిడి చివర కొద్ది బలం చాలు. చెక్కకు గుంట పడకుండా వడ్రంగి సుత్తి తల కింద చిన్న ముక్క పెట్టడం చూస్తారు. అప్పుడు అడగండి మిమ్మల్ని మీరు: ఇది ఎవరిది? పంజాది. ఏం చేస్తోంది? ఇరికించి లాగుతోంది. ఇక ‘క్లా హ్యామర్’ బట్టీ పట్టాల్సిన పని ఉంటుందా?

జంబూరు పిన్సర్స్. రెండు దవడలు గుండ్రంగా వచ్చి కొసన కలుసుకుంటాయి, అచ్చం ఎండ్రకాయ గిట్టల్లాగే. ఇప్పుడే నేర్చుకున్న పించ్ దీనికి తోబుట్టువు, గిల్లేది కాబట్టి పిన్సర్స్. సబ్బలి, లేదా గడ్డపార, క్రోబార్. దాని కొస కాకి ముక్కులానో కాకి కాలిలానో ఉందని ఆ పేరు. ఎలక్ట్రీషియన్ ‘కటింగ్ ప్లేయర్’ అనేది నిజానికి ప్లయర్స్. ఆటగాడికీ దానికీ సంబంధం లేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే జేసీబీ. తవ్వే బకెట్ అంచున ఉండేవాటిని మన ఆపరేటర్లు పళ్లు అంటారు, ఇంగ్లిష్ వాళ్లూ టీత్ అనే అంటారు. ఇక్కడ గోరు లేదు. బకెట్ తీసేసి, దుంగలనో రాళ్లనో పట్టి ఎత్తడానికి ముడుచుకునే ఇనుప వేళ్లు తగిలిస్తే దాని పేరు గ్రాపుల్. అదే క్రియ కూడా. సమస్యతో కుస్తీ పడటాన్ని ‘గ్రాపుల్ విత్ ఎ ప్రాబ్లమ్’ అంటారు.

పాత ఊరివైపు బావులున్న ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. బకెట్ తాడు తెగి బావిలో పడితే ఏం చేసేవాళ్లు? కొక్కేల గుత్తిని తాడుకు కట్టి దింపేవాళ్లు. పాతాళగరిగె అని దానికి ఎంత గొప్ప పేరు! ఇంగ్లిష్‌లో గ్రాప్‌నెల్. చిన్న పడవలకు లంగరుగా వేసేదీ ఇదే రకం. ఆ మాట మీ అమ్మమ్మ దగ్గర తెలుగులో విని, ఇంగ్లిష్‌లో మీరు రాసుకుంటే రెండూ నిలుస్తాయి.

5. ‘ఒక కత్తెర’ అనే అలవాటును గమనించుకోండి

తెలుగులో ఒక కత్తెర, ఒక పట్టకారు, ఒక జంబూరు. అందుకే ‘ఎ సీజర్’, ‘ఎ ప్లయర్’ అని నోటికి వస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు దవడలుండే పనిముట్లు చాలావరకు బహువచనాలే. సిజర్స్, ప్లయర్స్, పిన్సర్స్, వంటింటి టాంగ్స్, ముల్లు తీసే ట్వీజర్స్, ఆపరేషన్ థియేటర్లో ఫోర్‌సెప్స్. ఒకటి కావాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్’ ముందు పెట్టండి. “కెన్ ఐ బారో ఎ పెయిర్ ఆఫ్ ప్లయర్స్?” చేతిలో ఉన్నది ఒక్కటే అయినా “వేర్ ఆర్ ది సిజర్స్?” అనే అడగాలి. క్లాంప్‌కు మాత్రం ఈ నియమం లేదు. ఒకటైతే ఎ క్లాంప్.

పట్టకారు విషయంలో ఒక చిక్కుంది. చపాతీ తిప్పే పొడవాటిది టాంగ్స్. వేడి గిన్నె అంచు పట్టుకుని దింపే మన పట్టకారుకు పాశ్చాత్య వంటిళ్లలో సరిజోడు అరుదు, వాళ్ల గిన్నెలకు పిడులుంటాయి. దాన్ని చూపించాల్సి వస్తే “ఎ గ్రిప్పర్ ఫర్ హాట్ పాట్స్” అని పని చెప్పండి. పేరు దొరకని చోట పని చెప్పడం లోటు కాదు. అదే మంచి ఇంగ్లిష్.

6. అక్కడ ఆ పేరుతో అడిగితే దొరకదు

డాలస్‌లో చదువుకుంటున్న కూతురు వీడియో కాల్‌లో అంటుంది: “అమ్మా, ఇక్కడ క్లచ్చర్ అంటే ఎవరికీ అర్థం కావట్లేదే.” పాపం, రెండు దుకాణాలు తిరిగి వచ్చింది. జుట్టును మెలిపెట్టి బిగించే ఆ పళ్ల క్లిప్పును మన ఫ్యాన్సీ షాపుల్లో క్లచ్చర్ అంటారు. అమెరికాలో అది క్లా క్లిప్, లేదా హెయిర్ క్లా. ‘క్లచ్’ అని అడిగితే చేతిలో పట్టుకునే చిన్న పర్సు చూపిస్తారు. బయటికి వెళ్లే పిల్లలకు పచ్చళ్లతోపాటు ఇలాంటి పది మాటలు కూడా సర్దివ్వండి. మాల్‌లో నాణెం వేసి బొమ్మను ఎత్తే ఆట పేరు పిల్లలకే తెలుసు: క్లా మెషీన్. ఆ గాజుపెట్టెలో ఇనుప వేళ్లు జారిపోవడం చూసినవాళ్లకు ‘లాస్ట్ ఇట్స్ గ్రిప్’ అన్న వాక్యం దానంతటదే వస్తుంది.

7. ఒక తీగ దొరికితే లాగండి

ఒకే వేరు నుంచి వచ్చిన మాటల్ని కలిపి నేర్చుకుంటే ఒకటి గుర్తొచ్చినప్పుడు మిగతావి వెంట వస్తాయి. మన దగ్గరే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ద్రాక్ష తోటలు ఎంత పేరుపొందాయో మీకు తెలుసు. హైదరాబాద్ పేరు చెబితే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష గుర్తొచ్చే కాలముండేది. ఇప్పుడు చాలా తోటలు ప్లాట్లయ్యాయి, ఉన్నవాటిలో కొన్నిచోట్ల మనమే గుత్తులు కోసుకోవచ్చు. ఈ ద్రాక్షకు ఇంగ్లిష్‌లో గ్రేప్ అని పేరు. అది ఫ్రెంచ్ నుంచి వచ్చింది. గుత్తిని కొక్కెంతో లాగి కోయడం నుంచి ఆ పేరు పుట్టిందని పదచరిత్రకారులు ఎక్కువమంది అంటారు. గ్రాపుల్, గ్రాప్‌నెల్ కూడా ఆ కొక్కెం కుటుంబంవే. బావిలో పాతాళగరిగె, బండరాయి ఎత్తే జేసీబీ వేళ్లు, పళ్లెంలో ద్రాక్ష గుత్తి, మూడూ ఒకే ఇంటి పిల్లలు.

ఎరువుల దుకాణంలో ఇంకో తీగ ఉంది. వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింక్ లోపమని రైతు ‘చిలేటెడ్ జింక్’ పొట్లం తెచ్చి పిచికారీ చేస్తాడు. పొట్లం మీద జింక్ 12% అని ఉంటుంది. ఈ చిలేటెడ్ ఏమిటి? గ్రీకులో ఖేలే అంటే ఎండ్రకాయ గిట్ట. జంతుశాస్త్రంలో పీత, రొయ్య, తేలు గిట్టను కీలా అనడం అప్పటికే ఉంది. 1920లో మోర్గన్, డ్రూ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, లోహపు కణాన్ని ఒక అణువు రెండు పక్కల నుంచీ పట్టి ఉంచడాన్ని చూసి ఆ గిట్ట పేరే పెట్టారు. అలా పట్టి ఉంచడం వల్లే జింక్ వేరేవాటితో కలిసి గడ్డకట్టకుండా మొక్కకు అందుతుంది. పదో తరగతి చదివే కొడుకు “నాన్నా, చిలేట్ అంటే ఏంది?” అని అడిగితే, పొలం తెలిసిన తండ్రి రెండు వేళ్లు దగ్గరికి తెచ్చి చూపించవచ్చు. పాఠం అక్కడితో అయిపోతుంది.

తీగ లాగడానికి సాయం కావాలా? సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో చేసిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు, 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు, రెండూ తెలుగు మాట నుంచి మొదలవుతాయి. గోరు, గిట్ట, కొక్కెం అని మీకు తెలిసిన వైపు నుంచి వెతకండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఎన్నో నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు, ఖర్చు లేదు.

8. పేపరు శీర్షికను మాటకు మాట మార్చకండి

డిసెంబరు రాగానే మన పత్రికల్లో ‘చలి పంజా’ వచ్చేస్తుంది. దీన్ని ‘కోల్డ్ క్లా’ అని రాసి పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. ఇంగ్లిష్ పత్రిక అదే రోజు ఏమని రాస్తుంది? “కోల్డ్ వేవ్ గ్రిప్స్ తెలంగాణ.” మనం పేరుతో చెప్పినదాన్ని వాళ్లు క్రియతో చెప్పారు. ‘వడ్డీ వ్యాపారుల కబంధ హస్తాల్లో’ అని మనం రామాయణాన్ని పిలిస్తే, వాళ్లు ‘ఇన్ ది క్లచెస్ ఆఫ్ మనీలెండర్స్’ అని పంజాను పిలుస్తారు. ‘మృత్యు కోరల్లోంచి’ అన్నది ‘ఫ్రమ్ ది జాస్ ఆఫ్ డెత్’. మన కోర వాళ్ల దగ్గర దవడైంది.

సామెతలూ అంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని చెప్పాలంటే గోరును, గొడ్డలిని ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లకండి. “నిప్ ఇట్ ఇన్ ది బడ్” చాలు. మొగ్గలోనే గిల్లెయ్యడం, అందులోనూ గోటి పనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటుకు ‘యాడింగ్ ఇన్సల్ట్ టు ఇంజరీ’ దగ్గరగా వస్తుంది, కానీ నిజం చెప్పాలంటే మన సామెతలో ఉన్న నొప్పి అందులో లేదు.

వారానికి రెండు రోజులు ఒక తెలుగు పేపరూ ఒక ఇంగ్లిష్ పేపరూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే వార్తకు పెట్టిన రెండు శీర్షికల్లో క్రియ కింద గీత గీయండి. అంతకు మించి వ్యాయామం అక్కర్లేదు.

9. కొన్ని మాటల వెనక చట్టం ఉంది

పిల్లల మెడలో పులిగోరు గొలుసు మనకు పాత ముచ్చట. ఇంగ్లిష్‌లో దాన్ని ‘టైగర్ నెయిల్’ అనడం మన దేశంలో వినబడుతుంది, పోలీసు ప్రకటనల్లోనూ కనబడుతుంది. సరైన మాట టైగర్ క్లా. శివాజీ 1659లో అఫ్జల్ ఖాన్ మీద వాడాడని చెప్పే వాఘ్ నఖ్ అనే ఆయుధాన్ని ఇంగ్లిష్‌లో ‘టైగర్ క్లాజ్’ అనే అంటారు. శివాజీదిగా ప్రసిద్ధమైన ఒక వాఘ్ నఖ్‌ను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2024లో సతారాకు అరువుగా పంపింది. అది శివాజీ చేతిలోదేనని నిరూపించలేమని ఆ మ్యూజియమే చెప్పింది.

మాటకంటే ముఖ్యమైనది వస్తువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అసలు పులిగోరు అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2023 అక్టోబరులో కన్నడ బిగ్‌బాస్ పోటీదారు ఒకరిని పులిగోరు లాకెట్ కారణంగా అటవీ అధికారులు అరెస్టు చేశారు. కాబట్టి తాతల నాటిదని బీరువాలో ఉన్నదాన్ని ఫొటో తీసి ఇంగ్లిష్‌లో వివరణ రాసి అమ్మకానికి పెట్టకండి. బంగారంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన నమూనా అయితే ‘ఇమిటేషన్ టైగర్ క్లా పెండెంట్’ అని మొదటి మాట తప్పకుండా రాయండి.

10. సంతకానికి ముందు ఆ రెండు ‘క్లాజ్’లు చూడండి

పంజా గోళ్లు క్లాజ్. ఒప్పందంలో ఒక నిబంధన కూడా క్లాజ్. బ్రిటిష్ ఉచ్చారణలో రెండూ ఒకేలా వినిపిస్తాయి, రాత వేరు, అర్థం వేరు. రెండూ ఒకే కాగితం మీద కలిసేది కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్లో. బౌరంపేట నుంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి వెళ్లే చాలామందికి జాయినింగ్ బోనస్ ఇస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ‘క్లాబ్యాక్’ అని ఉంటుంది. క్లా బ్యాక్ అంటే ఇచ్చినదాన్ని పంజాతో వెనక్కి లాక్కోవడం. చెప్పిన గడువుకు ముందే ఉద్యోగం మానేస్తే ఆ బోనస్ తిరిగి కట్టాలి. ఇది పెద్దవాళ్లకూ ఉన్నదే. ప్రైవేటు బ్యాంకుల ఉన్నతాధికారుల జీతభత్యాల మీద రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ మాట ఉంది.

చాలామంది చేసే పొరపాటు, ఆ మాట తెలియదని బయటపడితే చిన్నతనమని ఊరుకోవడం. అడగడంలో చిన్నతనం ఏముంది? డబ్బు మీది. మూడు విషయాలు తేల్చుకోండి: గడువు ఎన్ని నెలలు, తిరిగి కట్టాల్సింది మొత్తమా లేక మిగిలిన నెలలకు లెక్క కట్టిన వాటానా, పన్ను పోగా చేతికొచ్చినదా లేక పన్నుతో కలిపినదా. మూడోదాన్ని దాదాపు ఎవరూ అడగరు, తేడా వేలల్లో ఉంటుంది. ఈ వాక్యాలు ఫోన్లో రాసిపెట్టుకుని, హెచ్ఆర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు చూసి చదివినా ఫరవాలేదు:

“కుడ్ యు ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ది క్లాబ్యాక్ క్లాజ్? హౌ లాంగ్ డజ్ ఇట్ అప్లై? ఇఫ్ ఐ లీవ్ ఎర్లీ, డూ ఐ రీపే ది ఫుల్ అమౌంట్ ఆర్ ఎ ప్రో-రేటా షేర్? అండ్ ఈజ్ ఇట్ బిఫోర్ ఆర్ ఆఫ్టర్ ట్యాక్స్?”

నోటిమాటగా చెప్పిన జవాబుకు ఊరుకోకండి. “కుడ్ యు సెండ్ మి దట్ ఇన్ ఎ మెయిల్?” అని అడిగి, ఆ మెయిల్ వచ్చాకే సంతకం పెట్టండి.